అభిప్రాయం వేరైతే సఫ్ వేరు కావలెనా?

(వర్ధన్నపేటలో ఇషా నమాజు తరువాత జరిగిన కుటుంబ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఆలిములము కాము. ఏ మదరసాలోనూ సనదు పొందినవారము కాము. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, దస్త్రాలు సర్ది, అర్జీలకు నెంబర్లు వేసి పదవీ విరమణ చేసినవారము. కనుక ఈ రాత్రి మా నోట ఫత్వా రాదు. ఏ ఆచారం ధర్మసమ్మతం, ఏది కాదు అని తేల్చే అర్హత మాకు లేదు. మేము మాట్లాడదలచినది ఒక్క విషయమే. ధర్మానికి సంబంధించిన సంగతులలో మనలో మనకు అభిప్రాయ భేదం వచ్చినప్పుడు, ఒకరిపట్ల ఒకరం ఎలా మెలగాలి?

ఈ మాట ఎత్తడానికి కారణం ఒక కుర్రవాడు. గడచిన రంజాను నెలలో, డిగ్రీ చదువుతున్న ఒక అబ్బాయి ఇఫ్తార్ ముగిసిన తరువాత మా ఇంటి అరుగు మీద కూర్చుని మెల్లగా అడిగాడు. “చాచా, ఆ మస్జిదు ఇమాం వెనుక నమాజు చదివితే చెల్లుతుందా? ఆయనది మన మస్లక్ కాదట. చదివినవన్నీ మళ్లీ చదువుకోవాలని మా దోస్తులు అంటున్నారు.” అతని గొంతులో వెటకారం లేదు. చదివిన నమాజు వృథా అయిపోయిందేమోనన్న భయం ఉన్నది. మేము వెంటనే సమాధానం చెప్పలేకపోయాము. ఎందుకంటే అటువంటి ప్రశ్నకు ఒకప్పుడు మేము తప్పుడు సమాధానం చెప్పి, సొంత మనిషిని కొన్నేళ్లపాటు పోగొట్టుకున్నాము. ముందుగా ఆ సంగతి మీ ముందు పెట్టుకుంటాము. ఇతరులకు బుద్ధి చెప్పేముందు సొంత లెక్క అప్పగించాలి గదా. మేము, మేము అని చెప్పుకోవడం గొప్పకు కాదు. ఆ తప్పులో ఒక్కరి పాలు కాక ఇంటిల్లిపాదీ పాలు ఉన్నది, అందుకు.

మన పొరుగున పర్వతగిరి మండలంలో అన్నారం షరీఫు ఉన్నది. యాకూబ్ షావలీ బాబా దర్గాకు మనవాళ్లే కాదు, అంతకు ఎన్నో రెట్లు హిందూ సోదరులు వస్తారు. యాకూబ్, యాకమ్మ అని బిడ్డలకు పేర్లు పెట్టుకున్న హిందూ కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. మా అమ్మకు ఆ దర్గా మీద గురి. తొలి మనవడికి జ్వరం తగ్గకపోతే కందూరు చేస్తానని మొక్కుకున్నది. పిల్లవాడు కోలుకున్నాడు. అమ్మ మొక్కు చెల్లించడానికి బంధువులనందరినీ పిలిచింది.

ఆ ఏడాదే మా తమ్ముడు జమాతులో చిల్లాకు వెళ్లి నలభై రోజుల తరువాత తిరిగి వచ్చాడు. మనిషి మారిపోయాడు. గుట్కా మానేశాడు. ఐదు పూటల నమాజుకు కట్టుబడ్డాడు. దుకాణంలో తూకం సరిచేశాడు. ఇవన్నీ చూసి అమ్మ ఎంతో సంతోషించింది. అయితే కందూరు నాడు, వచ్చిన చుట్టాల ముందే, అల్లాహ్‌కు తప్ప మరెవరికీ మొక్కు చెల్లదని, ఈ అన్నం తాను ముట్టనని ఖరాఖండిగా చెప్పి లేచి వెళ్లిపోయాడు. అమ్మ ఆ రాత్రి అతని వంతు కూర డబ్బాలో సర్ది, అతని గడప దగ్గర పెట్టి వచ్చింది. తెల్లవారి ఆ డబ్బా మూత తీయకుండానే తిరిగి వచ్చింది.

అతడు చెప్పిన తీరు తప్పని మేము ఇప్పటికీ అంటాము. కాని ఆ తరువాత మేము చేసినది అంతకన్నా పెద్ద తప్పు. రెండేళ్లకు అమ్మ అల్లాహ్ సన్నిధికి వెళ్లిపోయింది. నలభయ్యో నాటి ఫాతిహాకు ఊరందరినీ పిలిచాము, తమ్ముణ్ణి పిలవలేదు. ఎవరో అడిగితే, “వాడు వహ్హాబీ అయ్యాడు, మనవాడు కాదు” అన్నాము. ఒకే తల్లి పాలు తాగినవాడిని ఒక్క మాటతో కొట్టివేశాము. ఆ మాట అతని చెవిన పడింది. ఆనాటి నుంచి ఏడేళ్లు ఒకే మస్జిదులో, ఒకే ఇమాం వెనుక, అతడు సఫ్‌కు కుడి కొసన, మేము ఎడమ కొసన నిలబడ్డాము. సలాం తిప్పేటప్పుడు అతడు ఎడమకు, మేము కుడికి ముఖం తిప్పేవారము. మధ్యలో ఇరవై మంది. “మీపై శాంతి కలుగుగాక” అని నోటితో అంటూ, మనసులో మాత్రం ఒకరినొకరు మినహాయించుకునేవారము.

ఇప్పుడు ఆలోచించండి. మా ఇంట్లో వచ్చిన తగాదా కొత్తదా? కాదు. ధర్మవాక్యాన్ని ఇద్దరు రెండు విధాలుగా అర్థం చేసుకోవడం దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) కళ్లెదుటే జరిగింది.

అహ్‌జాబ్ యుద్ధం ముగిసిన వెంటనే, బనూ ఖురైజా వారి నివాసాలకు చేరేవరకు ఎవరూ అస్ర్ నమాజు చదవరాదని ప్రవక్త (సఅసం) ఆదేశించారు. దారిలోనే అస్ర్ వేళ అయింది. కొందరు సహాబాలు ఆజ్ఞను అక్షరాలా తీసుకుని, గమ్యం చేరాకనే చదువుతామన్నారు. మరికొందరు త్వరగా బయలుదేరాలన్నదే ఆ ఆజ్ఞ ఉద్దేశమని గ్రహించి, దారిలోనే చదివారు. తరువాత ఈ సంగతి ప్రవక్త (సఅసం) ముందుకు వచ్చింది. ఆయన ఏ పక్షాన్నీ మందలించలేదు. బుఖారీ గ్రంథంలో ఉన్న ఈ హదీసును ఉలమాలు మనకు ఎన్నోసార్లు వినిపించారు. నమాజంతటి విషయంలో, ప్రవక్త (సఅసం) స్వయంగా ఇచ్చిన ఆజ్ఞ విషయంలో, చిత్తశుద్ధి గల రెండు అవగాహనలకు చోటు దొరికింది.

మరొక సందర్భం. హజ్రత్ హిషామ్ బిన్ హకీమ్ (రజి) నమాజులో ఫుర్ఖాన్ సూరాను తాను నేర్చుకున్న రీతికి భిన్నంగా పఠించడం హజ్రత్ ఉమర్ (రజి) విన్నారు. నమాజు ముగిసేవరకు బలవంతాన ఓర్చుకుని, ఆ వెంటనే ఆయన వస్త్రం పట్టి ప్రవక్త (సఅసం) వద్దకు లాక్కుపోయారు. ప్రవక్త (సఅసం) ముందుగా ఆయనను వదిలిపెట్టమన్నారు. తరువాత ఇద్దరి పఠనమూ విని, ఇద్దరిదీ సరైనదే అన్నారు. తీర్పుకన్నా ముందు మెడ మీది వస్త్రం వదలమన్న ఆ మాట మనం గుర్తుంచుకోవాలి. మనం మాత్రం తీర్పు చెప్పేశాక కూడా పట్టు వదలము.

నలుగురు ఇమాముల సంగతి చూడండి. ఇమాం అబూ హనీఫా క్రీ.శ. 767లో మరణించారు. ఇమాం షాఫయీ పుట్టినది కూడా ఆ హిజ్రీ సంవత్సరంలోనే, నూట యాభైలో. షాఫయీ ఇమాం మాలిక్ వద్ద చదువుకున్నారు. ఇమాం అహ్మద్ బిన్ హంబల్ షాఫయీ వద్ద చదువుకున్నారు. శిష్యుడు గురువుతో విభేదించి వేరే మార్గం ఏర్పరచాడు, అయినా గురువు పేరు ఎత్తినప్పుడు దుఆ చేయడం మానలేదు. ఖలీఫా ఇమాం మాలిక్ గ్రంథాన్నే రాజ్యమంతటా అమలు చేస్తానంటే, మాలిక్ స్వయంగా వద్దన్నారని చరిత్రకారులు చెబుతారు. సహాబాలు వేర్వేరు ప్రాంతాలకు వెళ్లారు, అక్కడి ప్రజలు వారి నుంచి నేర్చుకున్నదాని మీద నడుస్తున్నారు, వారిని అలాగే ఉండనివ్వమన్నారట. తన పుస్తకం చట్టం అవుతుంటే వద్దనగలిగిన పండితుడు ఎంత పెద్దవాడో ఊహించండి.

అంత దూరం పోనక్కరలేదు, మన హైదరాబాదుకే వెళ్లి చూడండి. బార్కస్‌లో స్థిరపడిన హద్రమీ అరబ్బులు షాఫయీలు. నిజాం సైన్యంలో పనిచేయడానికి వచ్చినవారి సంతానం వారు. మనలో అధికులం హనఫీలము. వారి అస్ర్ వేళ మనకన్నా ముందు మొదలవుతుంది. వారు ఆమీన్ బిగ్గరగా అంటారు, మనం లోలోపల అంటాము. హైదరాబాదులో బాద్‌షాహీ అషుర్‌ఖానా కట్టించిన కుతుబ్‌షాహీలు షియాలు. మన నాయకులలో గొప్ప వక్తగా పేరు పొందిన బహదూర్ యార్ జంగ్ మహ్దవీ. ఇన్ని రకాలవారు శతాబ్దాలుగా ఒకే నేల మీద పిల్లలను పెంచుకున్నారు. తేడా ఉన్నంత మాత్రాన ఇల్లు కూలదు.

ఇక మన దగ్గర తరచుగా వచ్చే తగాదాకు వద్దాము. దర్గా, ఫాతిహా, ఉర్సు, సలాం. అన్నారానికి వెళ్లేవారు, కాజీపేటలో హజ్రత్ అఫ్జల్ బియాబానీ ఉర్సుకు వెళ్లేవారు ఏమంటారు? సమాధుల సందర్శన మరణాన్ని గుర్తుచేస్తుంది, ప్రవక్త (సఅసం) దానిని అనుమతించారు, అల్లాహ్‌కు ప్రియమైనవారి పట్ల ప్రేమ ఈమానులో భాగం, ఆ ప్రేమను ఆసరాగా చేసుకుని మేము అడిగేది అల్లాహ్‌నే అంటారు. వెళ్లనివారు ఏమంటారు? దుఆ అనేది ఆరాధన, దానిని నేరుగా అల్లాహ్‌కే అర్పించాలి, సామాన్య జనం గీత దాటి వలీనే అడుగుతున్నారు, ఆ దారి తౌహీదుకు ప్రమాదం అంటారు. గమనించండి, మొదటివారిని నడిపించేది ప్రేమ, రెండవవారిని నడిపించేది తౌహీదు మీది పట్టు. ఈ రెండింటిలో ఇస్లాంకు శత్రువు ఏది?

పైగా మనం ఊహించుకున్నంత దూరం పెద్దల మధ్య లేదు. బరేలీకి చెందిన మౌలానా అహ్మద్ రజా ఖాన్ సమాధికి గౌరవంగా కూడా సజ్దా చేయరాదని ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. దేవ్‌బంద్ మదరసా 1866లో మొదలైంది. దాని స్థాపకులైన మౌలానా ఖాసిం నానౌతవీ, మౌలానా రషీద్ అహ్మద్ గంగోహీ ఇద్దరూ హాజీ ఇమ్దాదుల్లా ముహాజిర్ మక్కీ చేతిలో చేయి పెట్టి బైఅత్ చేసిన మురీదులు. ఆ హాజీ సాహెబే, తన మురీదుల మధ్య తగాదా ముదరడం చూసి, ‘ఫైసలా హఫ్త్ మస్అలా’ అనే చిన్న పుస్తకం రాశారు. మీలాదు, ఫాతిహా, ఉర్సు మొదలైన ఏడు వివాదాలను అందులో తీసుకున్నారు. ప్రతిదానిలో తన అభిప్రాయం చెప్పారు, చేసేవారు చేయనివారిని, చేయనివారు చేసేవారిని నిందించవద్దని కోరారు. 1899లో మక్కాలో కన్నుమూసిన ఆ పెద్దాయన మాట వినిఉంటే, మా అమ్మ డబ్బా మూత తీయకుండా తిరిగి వచ్చేది కాదు. మా తమ్ముడు నలభయ్యో నాడు గడప బయట ఉండేవాడు కాదు.

పీర్ల పండుగ విషయంలో కూడా ఒక మాట. మన ఊళ్లలో పీర్లను ఎత్తేవారు, అలావా చుట్టూ ఆడేవారు ఎక్కువమంది హిందూ సోదరులే. మన యువకులలో కొందరు అది ఇస్లాం కాదంటారు. అనవచ్చు, ఉలమాలలో ఆ అభిప్రాయం బలంగానే ఉన్నది. కాని పీరీని తాత ముత్తాతల నాటి నుంచి పసుపు బట్టలో చుట్టి భద్రంగా కాపాడుతున్న ముదుసలి ముందు నిలబడి నవ్వడం ఏ ఇస్లాం? ఇతరులు కొలిచేవాటిని దూషించవద్దని దివ్య ఖుర్ఆన్ ఆరవ సూరాలో అల్లాహ్ మనలను వారించాడు. ఒకరినొకరు ఎగతాళి చేయవద్దని, చెడ్డ పేర్లు పెట్టి పిలవవద్దని నలభై తొమ్మిదవ సూరా చెబుతున్నది. వహ్హాబీ అని, బిద్అతీ అని, ఖబర్ పూజారి అని మనం పెట్టుకునే పేర్లు ఆ ఆజ్ఞ కిందికి రావా?

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, న్యాయమైన ఆక్షేపణే. “అన్నీ సరైనవే అయితే సత్యం ఏమైనట్లు? చెడును చూసి ఊరుకోవాలా?” అని అడుగుతారు. అన్నీ సరైనవే అని మేము అనడం లేదు. మా తమ్ముడి అభిప్రాయం సరైనదైతే మా అభిప్రాయంలో లోపం ఉన్నట్లే. ఇద్దరికీ ఒకే రోజున లెక్క అప్పగించవలసి ఉన్నది. యోగ్యుడైన న్యాయనిర్ణేత శ్రమించి సరైన తీర్పు చేరితే రెండు పుణ్యాలు, శ్రమించి పొరపడినా ఒక పుణ్యం అని ప్రవక్త (సఅసం) చెప్పారు. పొరపాటును పొరపాటు అనే చెప్పారు, దానికి కూడా ప్రతిఫలం ఉన్నదన్నారు. గౌరవం అంటే మన అభిప్రాయం వదులుకోవడం కాదు. ఎదుటివాడు కూడా అల్లాహ్‌కు భయపడే ఆ అభిప్రాయానికి వచ్చాడని నమ్మడం.

అయితే దీనికి ఒక హద్దు ఉన్నది. అభిప్రాయ భేదం పేరుతో బలహీనుల మీద జరిగే అన్యాయాన్ని కప్పిపుచ్చరాదు. ఒకే ఊపులో మూడుసార్లు తలాఖ్ అని ఇల్లాలిని వీధిలోకి నెట్టిన సంఘటనలు మన మధ్య జరగలేదా? అలా చెప్పిన మూడింటిని ఒక్కటిగానే లెక్కించాలన్న అభిప్రాయం అహ్లె హదీస్ సోదరుల వద్ద ఎప్పటినుంచో ఉన్నది. షియాలు దానిని గుర్తించరు. మనం ఆ అభిప్రాయాలను వినలేదు, “వారి మస్లక్ వేరు” అని కొట్టివేశాము. చివరికి 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 3–2 మెజారిటీతో ఆ పద్ధతిని కొట్టివేసింది. 2019లో వచ్చిన చట్టం భర్తకు మూడేళ్లవరకు జైలుశిక్ష పెట్టింది. ఆ చట్టం మీద మనకు ఎన్నో అభ్యంతరాలు ఉన్నాయి, అవి న్యాయమైనవే. కాని సొంత ఇంట్లోనే ఉన్న మందును పక్కగదివారిదని తాకకుండా ఉన్నవారము మనమే. నిన్నగాక మొన్న, 2024లో, దారుల్‌షిఫాలోని ఇబాదత్‌ఖానాలో షియా అఖ్బారీ మహిళల ప్రార్థన హక్కు గురించి తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పవలసి వచ్చింది. పెద్దలు కూర్చుని తేల్చవలసినవి కోర్టు మెట్లు ఎక్కితే, మనలో మాట్లాడుకునే అలవాటు తప్పిందని అర్థం.

ఇప్పుడు హక్కుల కోణం నుంచి చూద్దాము. ఈ పత్రిక చదివే కుటుంబాలకు ఇది అతి ముఖ్యం.

మేము కార్యాలయంలో ఉన్న రోజులలో ఎన్నో అర్జీలు చూశాము. 2014 అక్టోబరు నుంచి షాదీ ముబారక్ వచ్చింది, మొదట 51,000 రూపాయలు, తరువాత పెరిగి 1,00,116 అయింది. బీసీ–ఈ ధ్రువపత్రాలు, మైనారిటీ ఉపకార వేతనాలు, ఎన్ని రకాల ఫారాలు! వాటిలో తండ్రి పేరు గడి ఉన్నది, ఆదాయం గడి ఉన్నది. మస్లక్ గడి ఏ ఫారంలోనూ లేదు. అర్జీ పెట్టుకున్న బిడ్డ తండ్రి ఆమీన్ బిగ్గరగా అంటాడా, లోలోపల అంటాడా అని ఏ ప్రభుత్వమూ అడగలేదు. మనలను వివక్షకు గురిచేసేవారు సైతం అడగలేదు.

2020 ఏప్రిల్ జ్ఞాపకం ఉన్నదా? నిజాముద్దీన్ మర్కజ్ పేరు టీవీలలో మోగిపోయింది. కరోనాకు జమాతువారే కారణమన్న ప్రచారం సాగింది. ఆ ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం, ఆ విదేశీ జమాతు సభ్యులను బలిపశువులను చేశారని తన తీర్పులో అన్నది. కాని ఏప్రిల్‌లో ఆ తీర్పు లేదు. మేము గడ్డంతో, టోపీతో కూరగాయల బండి దగ్గరకు వెళితే, దూరంగా నిలబడమన్నారు. మేము జమాతులో ఎన్నడూ తిరగలేదని, ఏటా ఉర్సుకు వెళ్లేవారమని చెప్పాలనిపించింది. ఆ క్షణంలోనే సిగ్గు వేసింది. మేము కాదు, వాడు అని వేలు చూపించి తప్పించుకోవాలనుకున్న ఆ ‘వాడు’ ఎవరు? మా తమ్ముడే.

మరొక సంగతి. 2025 వక్ఫ్ సవరణ చట్టంలో, కనీసం ఐదేళ్లుగా ఇస్లాంను ఆచరిస్తున్నట్లు చూపగలిగిన వ్యక్తే వక్ఫ్ చేయాలన్న నిబంధన వచ్చింది. మనమందరం ముక్తకంఠంతో వ్యతిరేకించాము. ఈమానును కొలిచే గజం సర్కారు చేతిలో ఎలా పెడతారని అడిగాము. ఆచరణను నిర్ధారించే విధానంపై రాష్ట్ర ప్రభుత్వాలు నియమాలు చేసేవరకు ఆ నిబంధనను నిలిపివేస్తూ 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మంచిదే. కాని ప్రియమైన సోదరులారా, ఆ గజాన్ని మనం ఎన్నేళ్లుగా ఒకరి మీద ఒకరం వాడుతున్నాము? “వాడు ముస్లిమే కాదు” అన్న మాట మన నోట ఎన్నిసార్లు రాలేదు? మనం పక్కవాడికి నిరాకరించిన దానిని ప్రభుత్వం నుంచి ఏ ముఖంతో అడగగలము?

ముస్లిం ఎవరో తేల్చే పని పెట్టుకున్నవారికి ఏమైందో చరిత్ర చెబుతున్నది. పాకిస్తాన్ పంజాబులో 1953లో అల్లర్లు జరిగాయి. జస్టిస్ మునీర్, జస్టిస్ కయానీల విచారణ సంఘం 1954లో నివేదిక ఇచ్చింది. ముస్లిం అంటే నిర్వచనమేమిటని ఆ సంఘం పేరుపొందిన ఉలమాలను ఒక్కొక్కరినే అడిగింది. ఏ ఇద్దరి సమాధానమూ కలవలేదని, ఒకరి నిర్వచనం తీసుకుంటే మిగిలినవారందరి నిర్వచనాల ప్రకారం కాఫిర్లమవుతామని నివేదికలో నమోదు చేసింది. అంతకన్నా ఎంతో ముందు, హజ్రత్ అలీ (రజి) అంతటివారిని సైతం ఖారిజీలు కాఫిర్ అన్నారు. ఆ మాట మాటతో ఆగలేదు, 661లో ఒక ఖారిజీ కత్తి ఆయన ప్రాణం తీసింది. అందుకే 2005 జూలైలో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో యాభై దేశాలకు చెందిన దాదాపు రెండు వందల మంది పండితులు సమావేశమై, నాలుగు సున్నీ మజ్‌హబులతో పాటు జాఫరీ, జైదీ, ఇబాదీ, జాహిరీ మార్గాలవారిని సైతం ముస్లిములుగా గుర్తించారు, వారిలో ఎవరినీ కాఫిర్ అనరాదని ప్రకటించారు. ప్రపంచ పండితులు కుదుర్చుకున్న ఆ ఒప్పందం మన వీధి చివరకు ఇంకా చేరలేదు.

అయితే ఒక హెచ్చరిక. బయటివారి భయం వల్ల పుట్టిన ఐక్యత, భయం తీరగానే పోతుంది. వాన పడితే ఒకే చెట్టు కిందికి చేరినవారు, వాన వెలిస్తే ఎవరి దారిన వారు పోతారు. మనకు కావలసినది అటువంటిది కాదు. అల్లాహ్ కోరిఉంటే మనందరినీ ఒకే సముదాయంగా చేసేవాడని, ఇచ్చినదానిలో మనలను పరీక్షించదలచాడని, కనుక మంచి పనులలో పోటీపడమని ఐదవ సూరాలో ఉన్నది. భేదాలు ఎందుకున్నాయో ఆయనే ఒక రోజున తెలియజేస్తానన్నాడు. ఆ పని ఆయనది. దానిని మనం ముందుగా లాక్కోరాదు.

ఇక మా ఇంటి కథ చివరి భాగం. 2021లో, కరోనా రెండవసారి విజృంభించినప్పుడు, మా బావమరిది చనిపోయాడు. జనాజాను ముట్టడానికి బంధువులు జంకారు. ఎవరినీ తప్పుపట్టలేము, అవి అటువంటి రోజులు. మేము ఎవరికీ ఫోను చేయకముందే, మా తమ్ముడు నలుగురు జమాతు స్నేహితులతో వచ్చాడు. రక్షణ దుస్తులు వేసుకుని, డాక్టర్లు చెప్పిన జాగ్రత్తలు పాటిస్తూ, మరణించిన మనిషికి దక్కవలసిన మర్యాదలన్నీ జరిపి ఖబ్రస్తాన్‌కు చేర్చాడు. ఏటా మాతోపాటు అన్నారం వచ్చిన మనిషి ఖబరులోకి దిగి, అతడే మట్టి సర్దాడు.

ఖననం ముగిసిన తరువాత మేము మా అలవాటు ప్రకారం ఖబరు దగ్గర ఫాతిహా చదవడానికి చేతులెత్తాము. అది తనకు సమ్మతం కాదని మాకు తెలుసు. కంటికొసతో చూశాము. అతడు చేతులెత్తలేదు. వెళ్లిపోనూ లేదు. మేము ముగించేవరకు చేతులు కిందికి వదిలి, తల వంచుకుని, మా పక్కనే నిలబడి ఉన్నాడు. తన నమ్మకం వదలలేదు, మమ్మల్నీ వదలలేదు. ఈ రాత్రి మేము చెప్పదలచినదంతా అతడు ఆ నాలుగు నిమిషాలలో మాట్లాడకుండా చెప్పాడు. ఆ సాయంత్రమే అతని ఇంటికి వెళ్లి, నలభయ్యో నాటి మాటకు క్షమాపణ అడిగాము. అతడు అమ్మ డబ్బా సంగతి తలచుకుని ఏడ్చాడు.

ఆ తరువాత మా అభిప్రాయాలు కలిశాయా? లేదు. మేము ఇప్పటికీ అన్నారం వెళతాము. అతడు ఇప్పటికీ వద్దంటాడు, ఖుర్ఆన్ చూపించి వాదిస్తాడు, మేమూ వాదిస్తాము. కందూరు నాడు అతని కోసం వేరే గిన్నెలో ఖట్టీ దాల్ వండుతాము. అతడు వస్తాడు, పప్పుతో అన్నం తిని వెళతాడు.

పెద్దలు అనుమతిస్తే నాలుగు విన్నపాలు చేసుకుంటాము. మొదటిది, జుమా ఖుత్బాలో, మైకులో మరొక మస్లక్‌ను పేరు పెట్టి నిందించడం మానుదాము. చర్చ ఉంటే ఉలమాలు గదిలో కూర్చుని చర్చించుకోవాలి. రెండవది, జనాజా దగ్గర, నికాహ్ దగ్గర మస్లక్ అడగవద్దు. మరణించినవాడి కుటుంబం ఏ పద్ధతిని కోరితే ఆ పద్ధతిని జరగనిద్దాము. సమ్మతం కానివారు మౌనంగా నిలబడవచ్చు. మూడవది, విరాళాల విషయంలో, ఉపకార వేతనాల అర్జీలు నింపించే పనిలో, ఆసుపత్రి సహాయంలో అన్ని మస్జిదుల కమిటీలు కలిసి పనిచేయాలి. ఆ జాబితాలో మస్లక్ గడి ఉండరాదు. నాలుగవది, ఆడబిడ్డలు సందేహాలు అడిగే చోటు, వీలైనచోట నమాజు చదువుకునే చోటు కల్పించాలి. మహిళలు మస్జిదుకు రావడానికి ఇస్లాంలో అనుమతి ఉన్నదని 2020 జనవరిలో ముస్లిం పర్సనల్ లా బోర్డే సుప్రీంకోర్టుకు తెలిపింది. ఇందులో ఎవరికైనా వేరే అభిప్రాయం ఉంటే చెప్పండి, వింటాము. ఈ సభకు అర్థం అదే.

చివరిగా ఆ కుర్రవాడి ప్రశ్న. మేము ఆలిములను అడిగి తెలుసుకుని, మరుసటి వారం అతనికి చెప్పాము. హజ్రత్ ఉస్మాన్ (రజి) ఇంటిని తిరుగుబాటుదారులు ముట్టడించి, వారి మనిషే నమాజు చదివిస్తున్నప్పుడు, అతని వెనుక చదవవచ్చా అని ఒకరు ఆయననే అడిగారు. నమాజు మనుషులు చేసే పనులలో ఉత్తమమైనదని, వారు మంచి చేసినప్పుడు వారితో కలిసి చేయమని, చెడు చేసినప్పుడు దానికి దూరంగా ఉండమని ఆయన చెప్పారు. తన ప్రాణం తీయడానికి వచ్చినవారి గురించి చెప్పిన మాట అది. హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) క్రూరుడిగా పేరుపడిన హజ్జాజ్ వెనుక నమాజు చదివారు. వారి నమాజు ఏమైందో అల్లాహ్‌కు తెలుసు. ఆమీన్ బిగ్గరగా అనే ఇమాం వెనుక, సలాం నిలబడి చదివే ఇమాం వెనుక నీ నమాజు ఏమవుతుందోనన్న భయం వదిలిపెట్టు బాబూ, సఫ్‌లో నీ పక్కవాడి భుజానికి నీ భుజం ఆనుకుని ఉన్నదా లేదా అది చూసుకో అన్నాము.

ఇప్పుడు మా ఇంట్లో ఒక అలవాటు వచ్చింది. జుమా నాడు తమ్ముడు కుడి కొసకు పోడు, మేము ఎడమ కొసకు పోము. మధ్యలో ఉండే ఇరవై మంది మమ్మల్ని పక్కపక్కనే నిలబెట్టుతున్నారు. సలాం తిప్పేటప్పుడు ముందుగా కనిపించేది అతని ముఖమే.

యా అల్లాహ్, మా హృదయాలను కలుపు. మా అభిప్రాయాలలో సరైనదానిని మాకు చూపించు. చూపించేవరకు ఒకరిపట్ల ఒకరికి మర్యాద తప్పకుండా కాపాడు. మా తల్లిదండ్రులను, మా మృతులను క్షమించు. ఆమీన్. బిగ్గరగా అనేవారు బిగ్గరగా, లోలోపల అనేవారు లోలోపల.

వస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు.